ధూమకంఠుడి పేకలో లేని ముక్క

పొద్దు బారెడెక్కేసరికి మైలారుడు ధూమగిరిని సగానికి పైగా ఎక్కేశాడు. కింద లోయ అంతా మంచు. ఆ మంచులోంచి దేవదారు చెట్ల కొనలు పైకి పొడుచుకు వచ్చి, నీళ్ళలో మునిగిన సైన్యం పైకెత్తి పట్టుకున్న ఈటెల్లా కనబడుతున్నాయి. పైన శిఖరం మీద ధూమకంఠుడి కోట. దాని గోడలు నల్లరాతివి, బురుజులు రాగివి. ఎండ తగిలినప్పుడల్లా ఆ బురుజులు కొలిమిలోంచి అప్పుడే తీసినట్టు ఎర్రగా మెరుస్తున్నాయి. కోట నడిమి నుంచి సన్నటి పొగ ఒకటి, ఎవరో దారం పట్టి లాగుతున్నట్టు, తిన్నగా ఆకాశంలోకి పోతోంది.

మైలారుడు ఒక బండ మీద కూర్చుని, భుజాన ఉన్న చెక్కపెట్టె దించి, చెమట తుడుచుకున్నాడు. పెట్టెలో రంగులు, కుంచెలు, బొమ్మలు వేసిన పేకముక్కలు. పేకముక్కలకు రంగులు వేసే చిత్రకారుడి వేషం అతనిది. అసలు పని వేరు.

సుమంతపురి రాజ్యంలో బంతాట అంటే ప్రాణం పెడతారు. మైదానానికి రెండు కొసల్లో రెండు తోరణాలు నిలబెడతారు. ఎదుటి జట్టు తోరణంలోంచి బంతిని దాటించాలి. అందరూ కాళ్ళతోనే ఆడాలి. తోరణానికి అడ్డంగా నిలబడే కావలివాడు ఒక్కడికే చేతులు వాడే హక్కు. మైలారుడు ఆ కావలివాడు. యువరాజు శరభాంకుడు నాయకుడిగా ఉన్న ఆ జట్టుకు చుట్టుపక్కల రాజ్యాల్లో ఎదురు లేదు.

కిందటి వేసవిలో ధూమగిరి నుంచి పట్టుశాలువాలతో, పిలుపుతో ఒక దూత వచ్చాడు. జట్టంతా సంబరంగా బయలుదేరింది. భుజం ఎముక తప్పి మంచం మీద ఉన్న మైలారుడు మాత్రం ఊళ్ళో ఉండిపోయాడు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. వెతకడానికి వెళ్ళిన భటులు ఒక్క కబురు మాత్రం మోసుకొచ్చారు. ధూమకంఠుడు మాంత్రికుడట, తనతో ఆడి ఓడినవాళ్ళను పేకముక్కలుగా మార్చి దాచుకుంటాడట. భుజం కుదురుకోగానే మైలారుడు రాజుగారి దగ్గర సెలవు తీసుకుని దారిపట్టాడు.

కాసేపు అలుపు తీర్చుకుని అతను మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు. ఆఖరి మలుపు తిరగగానే కోట సింహద్వారం ఎదురైంది. ద్వారానికి అటూ ఇటూ రెండు రాతి ఏనుగులు. వాటి నుదుటి మీద కెంపులు, దంతాలకు వెండి పొన్నులు, చెవుల మీద చెక్కిన లతలు, పువ్వులు. ఆ పనితనం చూస్తూ మైలారుడు ఒక అడుగు ముందుకు వేశాడో లేదో, కుడివైపు ఏనుగు కళ్ళు తెరిచింది. కాళ్ళ దగ్గర గుట్టగా పడి ఉన్న ఇనప గుండ్లలోంచి ఒకదాన్ని తొండంతో ఎత్తి, గిరగిరా తిప్పి విసిరింది.

ఆలోచించడానికి వ్యవధి ఎక్కడుంది? పెట్టె కింద పడింది. మైలారుడి చేతులు వాటంతట అవే లేచాయి. గుండు వచ్చే దారికి అడ్డంగా ఒరిగి, రెండు అరచేతులతో దాన్ని అందుకుని, ఆ ఊపుతోనే వెనక్కి ఒక అడుగు వేసి పొట్టకు హత్తుకున్నాడు. భుజం కలుక్కుమంది. ఈలోగా ఎడమవైపు ఏనుగు విసిరిన గుండు నేల మీద ఎగురుతూ మోకాళ్ళ ఎత్తులో వచ్చింది. చేతిలోది వదిలేసి పక్కకు దూకి దాన్నీ ఆపాడు. తర్వాతవి జంటగా వచ్చాయి. ఒకదాన్ని పట్టుకుని, రెండోదాన్ని దాంతోనే కొట్టి లోయలోకి పంపాడు. గుండ్లు అయిపోయాక ఏనుగులు తొండాలు దించి, కళ్ళు మూసుకుని మళ్ళీ రాయి అయిపోయాయి. తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి.

లోపల ఒక స్త్రీ నిలబడి ఉంది. నడివయసు మనిషి. తెల్లచీర, మెళ్ళో గవ్వల దండ, ముఖం నిశ్చలంగా ఉంది.

"నా పేరు తరళ," అంది ఆమె. "ఈ కోటలో ముక్కలు పంచేదాన్ని. లోపలికి రా నాయనా. నీ కోసమే చూస్తున్నారు."

"నా కోసమా తల్లీ? నేను రంగులవాణ్ణి. నాలుగు పేకలు అమ్ముకుందామని..."

తరళ చిన్నగా నవ్వి ముందుకు నడిచింది.

వాళ్ళు దాటిన మొదటి చావిడిలో గోడలన్నీ అద్దాలు. రెండో చావిడిలో పగడపు కొమ్మలతో చేసిన దీపస్తంభాలు, వాటి మీద వెలుగులు చిమ్మే చేపలు ఈదుతున్న గాజు కుండలు. మూడో చావిడి కప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉంది. దాని మధ్యలో నల్లరాతి బల్ల. బల్ల మీద పచ్చటి పచ్చిక మొలిచి ఉంది, నిజమైన పచ్చిక, ఆవగింజంత పూలతో. దాని రెండు కొసల్లో దంతంతో చేసిన బుల్లి తోరణాలు. బల్ల వెనక పీఠం మీద ఒక బక్కపలచని మనిషి కూర్చున్నాడు. నెత్తిన వెండిజుట్టు, చేతికి నీలాల కంకణాలు. నోరు తెరిచినప్పుడల్లా మాటతో పాటు గొంతులోంచి పొగ వచ్చి ఆకాశంలోకి లేచిపోతోంది. కొండ కింద నుంచి కనబడే పొగ అదేనని మైలారుడికి అప్పుడు అర్థమైంది.

"రావయ్యా చిత్రకారుడా," అన్నాడు ధూమకంఠుడు మెత్తగా. "నా ఏనుగులు విసిరిన గుండ్లు పట్టుకున్న రంగులవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. కూర్చో. మజ్జిగ తాగుతావా?"

వేషం తేలిపోయిందని తెలిశాక దాచి లాభం లేదు. మైలారుడు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "మజ్జిగ వద్దండి. మా వాళ్ళను తీసుకుపోదామని వచ్చాను."

"తీసుకుపో. నాతో ఆడి గెలువు, తీసుకుపో. నేను మాట తప్పేవాణ్ణి కాను. ఓడిపోతే మాత్రం నువ్వూ వాళ్ళతోనే ఉంటావు." మాంత్రికుడు బల్ల మీద నుంచి ముక్కల దొంతర ఒకటి తీసి, వేళ్ళతో విసనకర్రలా విప్పాడు. "ఈ పేకలో ఉరికేవాళ్ళున్నారు, ఎగిరేవాళ్ళున్నారు, బంతిని పాములా మెలికలు తిప్పేవాళ్ళున్నారు. కావలివాడు లేడు. అదొక్కటే నాకు వెలితి. ఆ రోజు నీకు భుజం నొప్పి రాకపోతే ఆ వెలితీ ఉండేది కాదు."

మైలారుడు ఆ విసనకర్ర వంక చూశాడు. తాబేటి చిప్పతో చేసిన గుండ్రటి ముక్కలు. అన్నిటికంటే పైన ఉన్న ముక్కలో గుండప్ప ముఖం. తనతో పాటు ఒకే వీధిలో పెరిగిన గుండప్ప, కాలు ఒక చోట నిలవని గుండప్ప, కన్ను ఆర్పకుండా ముక్కలోంచి చూస్తున్నాడు.

"ఆడతాను," అన్నాడు మైలారుడు. "ఆట ఎలాగో చెప్పండి."

"నేను చెబితే నీకు నమ్మకం ఉండదు. తరళా, నువ్వు చెప్పు. తరళ ఆట పక్షం, నా పక్షం కాదు."

తరళ బల్ల పక్కన నేల మీద కూర్చుని, ముక్కలు పరిచి, పిల్లలకు వంట నేర్పుతున్నంత నిదానంగా చెప్పింది. "ఇదిగో, ఎర్రంచు ఉన్నది వీరముక్క. దీన్ని పచ్చిక మీద పెడితే ఇందులోని మనిషి లేచి నిలబడతాడు. బొటనవేలంతే ఉంటాడు, కానీ అతని బలం, అతని వేగం అతనివే. పచ్చంచు ఉన్నది ఎత్తుముక్క. పరుగు, దూకు, లాక్కో, అందించు, ఇలా దాని మీద ఏముంటే నీ వీరుడు అది చేస్తాడు. నీ వంతు వచ్చినప్పుడు ఒక్క ఎత్తు వేయాలి. తర్వాత ఆయన వంతు."

"మరి ఆ తెల్లంచువి?"

"దైవముక్కలు. అవి ఎవరి చేతికీ రావు, నా దగ్గరే ఉంటాయి. బంతి ఏ తోరణం దాటినా నేను ఒకటి తిప్పుతాను. వాన రావచ్చు, గాలి రావచ్చు. వచ్చిందేదైనా ఇద్దరికీ ఒకటే." ఆమె మరో ముక్క పైకెత్తింది. "ఇక నల్లంచువి మంత్రముక్కలు. వీటికి వంతు లేదు. ఎప్పుడైనా వేయొచ్చు. కానీ మంత్రం ఊరికే రాదు నాయనా. ముక్క వేయబోయేముందు నిన్ను ఏదో ఒకటి అడుగుతుంది. నీ దగ్గరున్నది, నీ లోపలిది. ఇస్తానంటేనే మంత్రం పారుతుంది. ఇచ్చింది మళ్ళీ రాదు."

మైలారుడు మాంత్రికుడి వైపు తిరిగాడు. "తమరు ఇప్పటిదాకా ఏమేం ఇచ్చారు?"

"చాలా ఇచ్చానయ్యా," అన్నాడు ధూమకంఠుడు, లెక్కలేనట్టు చెయ్యి ఊపుతూ. "నిద్ర ఇచ్చాను. నీడ ఇచ్చాను, కావాలంటే చూసుకో. ఉప్పు రుచి ఇచ్చాను. గొంతు తడి ఇచ్చాను. గెలిచాను కదా, ఇంకేం కావాలి?"

మైలారుడు చూశాడు. ఎండ ఏటవాలుగా పడుతోంది. పీఠానికి నీడ ఉంది. అందులో కూర్చున్న మనిషికి లేదు.

అతిథి కోసం కోటలో ఒక పేక ఉంది. అందులో వీరులు మనుషులు కారు, చెక్కబొమ్మలు. పాదాలు వెడల్పుగా, ఒళ్ళు మొద్దుగా ఉన్నాయి. తరళ రెండు పక్షాలకూ ఎత్తుముక్కలు, మంత్రముక్కలు పంచింది. ఎవరు ముందుగా రెండుసార్లు బంతిని తోరణం దాటిస్తే వాళ్ళదే గెలుపు. దానిమ్మ గింజంత ఎర్రటి బంతిని పచ్చిక నడుమ ఉంచి, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

మైలారుడు చెక్కబొమ్మల్లో అన్నిటికంటే పొడుగ్గా ఉన్నదాన్ని తన తోరణం ముందు నిలబెట్టాడు. ధూమకంఠుడు తన తోరణాన్ని అలాగే బోసిగా వదిలేసి, వీరులందర్నీ ముందుకే పరిచాడు. ఈ బల్ల మీద అక్కడిదాకా బంతిని తెచ్చినవాళ్ళు లేరని ఆయన ధీమా.

గుండప్ప ముక్కలోంచి లేచాడు. అదే గిరజాల జుట్టు, అదే ఎడమ చెవి పోగు. "ఒరేయ్ గుండప్పా!" అని పిలవబోయి మైలారుడు పెదవి కొరుక్కున్నాడు. మాంత్రికుడు 'పరుగు' ముక్క వేశాడు. గుండప్ప బంతితో సహా గాలిలా దూసుకొచ్చాడు. మైలారుడు ఒక బొమ్మను అడ్డం పెట్టాడు. గుండప్ప దాన్ని తిరిగి చూడకుండానే దాటేశాడు. ఆట ఆడుతున్నప్పుడు అతని పెదవుల మీద ఎప్పుడూ ఉండే నవ్వు ఇప్పుడు లేదు.

అతను బంతిని తన్నే వంతు వచ్చింది. మైలారుడి చేతిలో 'దూకు' ముక్క సిద్ధంగా ఉంది. గుండప్ప మోకాలు ఎటు వంగుతుందో కనిపెట్టి తన చెక్క కావలిని సరిగ్గా అటే దూకించాడు. బంతి బొమ్మ చేతులకు తగిలి వెనక్కి పడింది.

"భేష్!" అన్నాడు ధూమకంఠుడు. నిజంగానే మెచ్చుకున్నాడు. వెంటనే నల్లంచు ముక్క ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏం అడుగుతోందో తెలుసా? మామిడిపూత వాసన. ఇచ్చాను, తీసుకో." ముక్క బల్ల మీద పడింది. పచ్చికలోంచి తెల్లటి పొగమంచు లేచి మైలారుడి తోరణాన్ని కమ్మేసింది. చెక్క కావలికి ఏమీ కనబడలేదు. మంచు విడిపోయేసరికి బంతి తోరణం వెనక దొర్లుతోంది.

తరళ దైవముక్క తిప్పింది. దాని మీద మబ్బు బొమ్మ.

బల్ల మీద అరచెయ్యంత నల్లమబ్బు పట్టింది. సూదుల్లాంటి చినుకులు దిగాయి. కాసేపట్లో పచ్చిక అంతా బురద అయింది. సుమంతపురి వీరులు ఎండలో ఆడి పెరిగినవాళ్ళు. వాళ్ళ పరుగు ఆ బురదలో సాగలేదు. గుండప్ప రెండుసార్లు జారిపడ్డాడు. వెడల్పు పాదాల చెక్కబొమ్మలు మాత్రం, వరిమడిలో ఎడ్లలా, మెల్లగా, మునగకుండా నడిచాయి. మైలారుడు తొందరపడలేదు. తోరణం ముందు నిలబడి గంటల తరబడి ఎదురుచూడటం అలవాటైన మనిషి. 'అందించు' ముక్కలే ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు బంతిని జరుపుకుంటూ పోయాడు. ధూమకంఠుడు విసుగుతో చిటికెలు వేస్తున్నాడు. చివరికి ఒక మొద్దుబొమ్మ బోసి తోరణం ముందుకు వచ్చి, కాలితో బంతిని అలా నెట్టింది. అది తోరణం దాటింది.

ధూమకంఠుడి పొగ ఒక్కసారి ఆగి, మళ్ళీ లేచింది. "ఈ బల్ల మీద నా తోరణం దాటిన మొదటివాడివి నువ్వు," అన్నాడు. అతని కళ్ళలో కోపం లేదు. ఆకలి ఉంది.

ఈసారి తెల్లంచు ముక్కలో గాలి వచ్చింది. మబ్బు చెదిరిపోయింది, బురద ఎండింది. మాంత్రికుడి వైపు నుంచి మైలారుడి వైపుకు ఈలవేస్తూ గాలి వీచింది. ధూమకంఠుడు ఇక ఆగలేదు. గుండప్పకు బంతి అందించి, ఇంకో నల్లముక్క తీశాడు. దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాక మాత్రం కాసేపు కదలకుండా ఉండిపోయాడు.

"అమ్మ ముఖం అడుగుతోంది," అన్నాడు.

"ఇవ్వకండి!" అన్నాడు మైలారుడు. ఎదుటివాడు తనకు శత్రువన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తురాలేదు.

"ఆమె పోయి చాలా ఏళ్ళయిందిలే." మాంత్రికుడు ముక్క వదిలేశాడు.

గుండప్ప వీపు మీద నెమలి కంఠం రంగులో రెక్కలు మొలిచాయి. బంతిని పాదాల మధ్య ఇరికించుకుని, వెనక గాలి తోస్తుండగా, చెక్కబొమ్మల నెత్తి మీదుగా ఎగిరి మైలారుడి తోరణం మీదికి డేగలా దిగుతున్నాడు. అంత ఎత్తుకు దూకగల కావలి ఎక్కడా లేడు. 'దూకు' ముక్క చేతిలో ఉండీ పనికిరాదు.

మైలారుడి దగ్గర మంత్రముక్క ఒకటే ఉంది. దాని మీద నోటి దగ్గర చేతులు పెట్టుకుని ఎవరినో పిలుస్తున్న అమ్మాయి బొమ్మ. పేరు పెట్టి పిలిస్తే ఎదుటి పక్షం వీరుడైనా ఒక్క ఎత్తు పాటు పిలిచినవాడి మాట వింటాడు. అతను ముక్కను చెవి దగ్గర పెట్టుకున్నాడు. బొమ్మ పెదవులు కదిలాయి.

"నీ చేతుల ఒడుపు ఇస్తావా?"

అంతే అడిగింది. మైలారుడు తన చేతులకేసి చూసుకున్నాడు. ఇనప గుండ్లు పట్టిన ఎరుపు ఇంకా అరచేతుల్లో ఉంది. బంతి ఎటు వస్తుందో మనసుకు తెలియకముందే తెలుసుకునే చేతులు. ఊరు ఊరంతా తనను భుజాల మీద మోసింది ఆ చేతుల వల్లే. గుండప్ప నీడ చిట్టి తోరణం మీద పడింది.

"ఇస్తాను," అన్నాడు మైలారుడు, తనకు తప్ప ఎవరికీ వినబడనంత చిన్నగా. ముక్క పచ్చిక మీద వేసి గొంతెత్తి పిలిచాడు. "గుండప్పా! ఇటు రారా!"

గాలిలో ఆ బొటనవేలంత మనిషి ఉలిక్కిపడ్డాడు. తల తిప్పాడు. రాయిలా ఉన్న కళ్ళలోకి వెలుగు వచ్చింది. ఒక్క మెలిక తిరిగి నేలకు దిగి, ఎదురుగాలికి బంతి పైకి లేవకుండా, మడమతో నొక్కి నేలబారుగా తన్నాడు. బంతి పచ్చికను చీల్చుకుంటూ బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. ధూమకంఠుడి తోరణం దగ్గర దాన్ని ఆపేవాడు ఎవరూ లేరు.

బల్ల నిట్టనిలువునా పగిలింది. ముక్కలన్నీ గాల్లోకి లేచి, పక్షుల గుంపులా ఒక చుట్టు తిరిగి, చావిడి నేల మీద వాలాయి. వాలిన చోటల్లా ఒక్కొక్క మనిషి లేచి నిలబడ్డాడు. కొందరు కళ్ళు నులుముకున్నారు, ఒకడు భోజనం ఎప్పుడని అడిగాడు. గుండప్ప పరుగెత్తుకొచ్చి మైలారుణ్ణి కావలించుకుని నేల మీద నుంచి లేపేశాడు.

"వచ్చావురా! నువ్వు పిలిస్తే విన్నానురా. బావిలోంచి విన్నట్టు విన్నాను."

మైలారుడు నవ్వుతూనే అతని భుజం మీదుగా అందర్నీ చూశాడు. చూసి, నవ్వు మానేశాడు. "యువరాజు ఏడి?"

ధూమకంఠుడు పగిలిన బల్ల మీద చేతులు ఆనించి, ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నవాడిలా కూర్చున్నాడు. గొంతులోంచి పొగ రావడం లేదు. "ఇంకొక్క ఆట ఆడదామా?" అని అడిగాడు ఆశగా. "ఇంకొక్కటే."

"వద్దండి," అన్నాడు మైలారుడు. అతని మీద జాలి కలిగింది.

తరళ లేచి వచ్చింది. "గెలిచినవాడు అడిగినదానికి నిజం చెప్పడం నా వ్రతం. యువరాజు శరభాంకుడు ఈ పేకలో లేడు నాయనా. వానాకాలం ముందు పగడాల దీవి రాణి మకరిక ఇక్కడికి వచ్చి, ఆయన్ను సముద్రం మీద ఆటకు పిలుచుకుపోయింది. అక్కడ ఆయనతో ఆడి గెలిచి యువరాజు ముక్కను తీసుకుపోయింది. ఆమె బల్ల మీద ఆడదు, సముద్రం మీద ఆడుతుంది. ఆమె ఓడ ఇప్పుడు నదీముఖం దగ్గరే ఉంది. వెళ్ళాలంటే ఈ పూటే వెళ్ళు."

కొండ దిగేటప్పుడు గుండప్ప అందరికంటే ముందు గెంతుతూ నడిచాడు. దారి పక్క చెట్టు నుంచి ఒక అడవి రేగుపండు కోసి, "ఇదిగో పట్టు!" అంటూ వెనక్కి విసిరాడు. అది మైలారుడి అరచేతికి తగిలి కింద పడి దొర్లిపోయింది.

"ఎండ కళ్ళలో పడింది," అన్నాడు మైలారుడు.

ఆ తర్వాత గుండప్ప గెంతడం మానేసి అతని పక్కనే నడిచాడు.

మధ్యాహ్నం వాలేసరికి నదీముఖం చేరారు. నది అక్కడ సముద్రంలో కలుస్తూ ఆకుపచ్చగా, నీలంగా రెండు రంగుల్లో పారుతోంది. ఒడ్డున ఎర్ర తెరచాపతో ఓడ ఒకటి నిలిచి ఉంది. తెడ్లు లేవు, నావికులు లేరు. ముందుకొమ్మున మనిషంత శంఖం ఒకటి అమర్చి ఉంది. వాళ్ళు దగ్గరికి రాగానే ఆ శంఖం ఆడగొంతుతో మాట్లాడింది.

"మకరికా రాణితో పందెం ఆడదలుచుకున్నవాళ్ళు ఎక్కండి. ముందు తోరణ కావలి ఎక్కాలి. కావలికి తోడు ఒక్కడు. మూడో మనిషి కాలు పెడితే ఓడ మునుగుతుంది."

జట్టంతా మైలారుడి వైపు చూసింది. అతను నది వైపు చూస్తున్నాడు.

"నేను కావలిని కాను," అన్నాడు చివరికి. "పొద్దున్నదాకా కావలినే. గుండప్పను పిలవడానికి ముక్క నా చేతుల ఒడుపు అడిగింది, ఇచ్చేశాను. ఇప్పుడు ఈ చేతులతో అన్నం కలుపుకోగలను, అంతే. బంతి పట్టలేను."

గుండప్ప ముఖం ఎర్రబడింది. అతనికి ఏడుపు వస్తోందో కోపం వస్తోందో ఎవరికీ తెలియలేదు.

"నా కోసమా?" అన్నాడు.

"అందరి కోసం."

"అందరి కోసం కాదు. నా పేరు పెట్టి పిలిచావు." గుండప్ప ముంజేత్తో ముఖం తుడుచుకుని, రెండంగల్లో ఓడ దగ్గరికి వెళ్ళి శంఖం ముందు నిలబడ్డాడు. "నేనే కావలిని! పేరు గుండప్ప. ఊరు సుమంతపురి. వీడు నాకు తోడు."

"ఒరేయ్, నువ్వు బతుకులో ఎప్పుడైనా తోరణం ముందు నిలబడ్డావా?"

"ఇవాళ నిలబడతాను. నా వెనకే ఎక్కరా!"

మిగతావాళ్ళను రాజుగారికి కబురు చెప్పమని పంపి, మైలారుడు గుండప్ప వెనకే ఓడ ఎక్కాడు. అతని రెండో పాదం చెక్కకు తాకిందో లేదో ఎర్ర తెరచాప నిండుగా ఉబ్బింది. ఓడ ఒడ్డును వదిలి, నది రంగును దాటి, సముద్రం నీలంలోకి జారిపోయింది. ఒడ్డున చేతులూపుతున్న మిత్రులు చూస్తుండగానే చీమలంత అయ్యారు.

ఎంతసేపు పోయారో, ఎదురుగా సముద్రం పొంగడం మొదలైంది. నీళ్ళను చీల్చుకుంటూ రెండు పగడపు స్తంభాలు తాటిచెట్లంత ఎత్తుకు లేచాయి. వాటి మీద అడ్డంగా మూడోది వచ్చి కూర్చుంది. తోరణం! దాని నుంచి నీళ్ళు జలపాతంలా కారుతున్నాయి. దానికి అవతల, చాలా దూరంలో, అలల మీద నిలబడి మకరిక జట్టువాళ్ళు వీళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు. ఓడ తిన్నగా వెళ్ళి ఆ తోరణం కింద ఆగింది.

గుండప్ప తలెత్తి ఆ ఎత్తు చూశాడు. అటు చివర నుంచి ఇటు చివరకు ఆ వెడల్పు చూశాడు.

"మైలారూ," అన్నాడు మెల్లగా, "ఇంతకీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలిరా?"

మైలారుడు అతని వెనక్కి వెళ్ళి, రెండు మోచేతులూ పట్టుకుని, కొంచెం పైకెత్తి, కొంచెం ఎడంగా జరిపాడు.

"ఇలా. భుజాలు వదులు చెయ్యి. బంతి వంక చూడకు, వాళ్ళ మోకాళ్ళు చూడు," అన్నాడు. "అదిగో, కదిలారు."